కత్తుల తయారీ అభిరుచిగా మొదలుపెట్టాలంటే: పాత కమాను పట్టీతోనా, కొత్త ఉక్కుతోనా?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. రెండేళ్లుగా ఆదివారాల్లో చెక్కపని చేస్తూ ఒక పీట, రెండు పుస్తకాల అలమరలు సొంతంగా చేసుకున్నాను. ఉలులకు సాన పట్టడం అలవాటయ్యాక అసలు ఆ ఉలి వాదర ఎలా తయారవుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి కలిగింది. ఇంట్లో వాడుకోవడానికి ఒక కూరగాయల కత్తిని పూర్తిగా నా చేతులతో చేయాలన్నది నా తొలి కోరిక.

గత నెల ఆటోనగర్‌లో పాత ఇనుము అమ్మేచోట లారీ కమాను పట్టీ (లీఫ్ స్ప్రింగ్) ముక్క ఒకటి తూకానికి కొన్నాను. అడుగున్నర పొడవు, దాదాపు అరంగుళం మందం ఉంది, కొద్దిగా వంపు తిరిగి ఉంది. రెండు ఆదివారాలు ఆకురాయితో అరగదీస్తే నాలుగు గీతలు పడ్డాయే తప్ప ఆకారం ఏమీ రాలేదు. కొత్త ఆకురాయి పళ్లు మాత్రం అరిగిపోయాయి. దీన్ని కొలిమిలో కాల్చి సాగగొట్టాలా, లేక గ్రైండర్‌తో కోసుకుంటే సరిపోతుందా? నాకున్నది బెంచి వైస్, డ్రిల్లింగ్ మిషన్, ఒక చిన్న యాంగిల్ గ్రైండర్. ఇంటి వెనుక పది అడుగుల ఖాళీ స్థలం ఉంది గాని పక్క ఇళ్లు దగ్గరగా ఉన్నాయి. ఉక్కుకు పదను పెట్టడం, అంటే కాల్చి ముంచి గట్టిపరచడం, ఇంట్లో సాధ్యమయ్యే పనేనా అన్నది నా అసలు సందేహం. అలాగే కత్తి చేయడానికి చట్టపరంగా ఏమైనా అనుమతి కావాలా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు. వీడియోల్లో నీటి అలల్లాంటి గీతలతో కనిపించే డమాస్కస్ కత్తి మీద కూడా మనసుంది గాని, అది ఇప్పుడే అడగడం తొందరపాటేమో.

ఆకురాయి మనిషి

కృష్ణాతీరం గారికి నమస్కారం. హైదరాబాదులో మా మేడ మీద ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నేను కూడా మీలాగే కమాను పట్టీతోనే మొదలుపెట్టి ఆరు నెలలు వృథా చేసుకున్నాను కాబట్టి, ఆ ముక్కను ప్రస్తుతానికి ఒక మూలన పెట్టమని మొదటి సలహా. అది చెడ్డ ఉక్కు కాదు, కాని మీ మొదటి కత్తికి పనికొచ్చేది కాదు. బండి బరువును మోయడానికి దానికి ముందే పదను పెట్టి ఉంటారు కనుక ఆకురాయికి లొంగదు. అరంగుళం మందాన్ని రెండు మిల్లీమీటర్లకు దించాలంటే కొలిమీ, సమ్మెటా ఉండితీరాలి. పైగా ఏళ్ల తరబడి కుదుపులు తిన్న పట్టీలో కంటికి కనిపించని సన్నటి పగుళ్లు ఉంటాయి. మీరు నెల రోజులు శ్రమపడి చేసిన కత్తిని నూనెలో ముంచిన తరువాతే అవి బయటపడతాయి.

దాని బదులు కొత్తగా, మెత్తగా ఉన్నప్పుడే అమ్మే పట్టీ కొనండి. కత్తులు చేసేవారికోసం ఆన్‌లైన్‌లో అమ్మే 1084 రకం ఉక్కు తొలి ప్రయత్నానికి అన్నిటికన్నా అనువైనది. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం ఉంటుంది, కాస్త మాంగనీసు తప్ప వేరే మిశ్రమాల గొడవ పెద్దగా ఉండదు, పదను పెట్టేటప్పుడు చిన్నచిన్న తప్పులను క్షమిస్తుంది. అది దొరక్కపోతే డైలు (అచ్చులు) చేసే వర్క్‌షాపుల వాళ్లు వాడే ఓహెచ్‌ఎన్‌ఎస్ పట్టీని అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి హార్డ్‌వేర్ బజారుల్లో ఆ పేరు చెబితే దొరుకుతుంది. బయటిదేశాల వాళ్లు ఓ-1 అని పిలిచేది ఇదే. స్టెయిన్‌లెస్ జోలికి ఇప్పుడే పోవద్దు. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటించి, అక్కడే నిలకడగా ఉంచాలంటే విద్యుత్ కొలిమి కావాలి.

ఆకారం తీయడానికి సమ్మెట అవసరం లేదు. మెత్తని పట్టీ మీద కాగితపు నమూనా అతికించి, యాంగిల్ గ్రైండర్‌తో గీతకు బయటగా కోసి, మిగిలినదంతా ఆకురాయితో తీయడమే మీకు సరైన దారి. చాలామంది రెండంగుళాల వెడల్పు, 72 అంగుళాల చుట్టుకొలత ఉన్న బెల్ట్ గ్రైండర్ కొన్నాకే మొదలుపెడతామంటారు. అది మంచి యంత్రమే, కాని చేయి కుదరని మనిషికి తప్పులను పదింతల వేగంగా చేసిపెడుతుంది. పన్నెండు అంగుళాల బాస్టర్డ్ (ముతక రకం) ఆకురాయి ఒకటి, సన్నరకం ఒకటి, 120 నుంచి 600 దాకా ఎమరీ కాగితాలు, రెండు సి-క్లాంపులు ఉంటే చాలు. వెన్ను దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం, వాదర ఐదారు అంగుళాల పొడవు ఉండేలా చూసుకోండి. పదను పెట్టకముందు వాదరను కాగితంలా పలుచన చేయకూడదు. దాదాపు అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు మందం ఉంచకపోతే కాకలో అది అలలుగా వంకరపోతుంది. ఆకురాయి గీతలు వాదరకు అడ్డంగా మిగలకూడదు. పగులు మొదలయ్యేది అక్కడే, కాబట్టి 220 కాగితం దాకా నిలువుగా రుద్ది నునుపు చేయండి. ఇంకొకటి, పిడి మేకులకు రంధ్రాలు పదనుకు ముందే వేసుకోవాలి. నా రెండో కత్తికి ఈ సంగతి మరిచిపోయి మూడు డ్రిల్ బిట్లు విరగ్గొట్టాను.

ఇక పదను సంగతి. 1084 రకాన్ని సుమారు 815 డిగ్రీల సెల్సియస్‌కు చేర్చి, 50–60 డిగ్రీలకు వేడిచేసిన వంటనూనెలో నిట్టనిలువుగా ముంచాలి. నూనెను వేడిచేయడమేమిటని మొదట నాకూ వింతగానే అనిపించింది. చల్లని నూనె చిక్కగా ఉండి కత్తి చుట్టూ కదలదు, వేడెక్కితే పలుచబడి వేడిని త్వరగా లాక్కుంటుంది. సన్‌ఫ్లవర్ నూనె గాని వేరుశెనగ నూనె గాని నాలుగైదు లీటర్లు, మూత ఉన్న లోతైన ఇనుప డబ్బాలో పోసుకోండి. ప్లాస్టిక్ బకెట్టు దగ్గరికి కూడా రాకూడదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చౌకగా వస్తుందని కొందరు చెబుతారు, కాని దాని పొగ ఒంటికి మంచిది కాదు. నీళ్లలో మాత్రం ముంచకండి. నా మొదటి కత్తి బకెట్టు నీళ్లలో 'టింగ్' మని చేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది; బయటికి తీసి చూస్తే వాదర నుంచి వెన్ను దాకా చీలిక.

నూనె నుంచి తీసిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడినా విరగవచ్చు. అందువల్ల ఆ గంటలోపే ఓటీజీ ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లారనిచ్చి, మళ్లీ రెండు గంటలు ఉంచాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. చివర్లో ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు కనిపిస్తే పని అయినట్టే. ఓటీజీ మీద అంకెలను నమ్మకండి. లోపల ఒక ఓవెన్ థర్మామీటరు పెట్టి, పళ్లెంలో ఇసుక పోసి దాని మీద కత్తి ఉంచితే వేడి హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

కొలిమి పక్క పెరిగినవాడు

పై మిత్రుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, కమాను పట్టీని మూలన పడేయమనడం కొంచెం అన్యాయంగా తోచింది. మాది కరీంనగర్ వైపు కమ్మరి కుటుంబం. మా నాన్నగారు జీవితమంతా కొడవళ్లూ, గొడ్డళ్లూ, నాగలి కర్రులూ చేశారు. కమాను పట్టీ చేతికొచ్చిన రోజు ఆయనకు పండగే. నేనిప్పుడు ఫిట్టర్ పని నేర్పే ఉపాధ్యాయుణ్ని కాబట్టి రెండు పద్ధతులూ దగ్గరగా చూశాను.

నీళ్లలో ముంచితే కత్తి పగులుతుందన్నది నిజమే, మరి మా నాన్నగారు కుండలో నీళ్లలోనే ముంచేవారు కదా, ఆ కొడవళ్లు ఎందుకు పగల్లేదని మీరు అడగవచ్చు. ఆయన మొత్తం కొడవలిని ముంచేవారు కాదు. వాదరను మాత్రం వేలెడు లోతున ఒక్క క్షణం తాకించి తీసి, ఇసుకరాయి ముక్కతో గబగబా రెండుసార్లు రుద్ది, ఆ తెల్లబడ్డ చోట రంగు కోసం చూసేవారు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా వాదర వైపు దిగుతూ మొదట గడ్డి రంగు, తరువాత గోధుమ రంగు, ఆ తరువాత నెమలికంఠం రంగు వచ్చేవి. కొడవలికి ఏ రంగు దగ్గర ఆపాలో, గొడ్డలికి ఏ రంగు దగ్గర ఆపాలో ఆయనకు తెలుసు. ఆ రంగు వాదరను చేరగానే మొత్తం ముంచేసేవారు. అంటే పదనూ టెంపరింగూ ఒకే కాకలో ముగిసిపోయేవి. ఓటీజీ లేని రోజుల్లో ఇది ఎంత తెలివైన పద్ధతో నాకు ట్రైనింగ్‌కు వెళ్లి పుస్తకం చదివాకే అర్థమైంది. అయితే ఇది చేతికి రావడానికి వందల కొడవళ్లు చేయాలి. కనుక మొదటి కత్తికి నూనే, ఓటీజీయే మేలు. అక్కడ నేను పై మిత్రుడి మాటే బలపరుస్తాను.

మీ దగ్గరున్న పట్టీని పారేయకండి. దాని చివర నుంచి రెండంగుళాల ముక్క కోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, వైస్‌లో బిగించి గుడ్డ కప్పి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. వంగకుండా ఠక్కున విరిగితే పదను ఎక్కే ఉక్కు. విరిగిన చోట చూడండి: బూడిద రంగులో పట్టులాగా సన్నగా ఉంటే మీ కాక సరిగ్గా ఉంది, పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఎక్కువ కాల్చారు. మా నాన్నగారు ప్రతి కొత్త ఇనుముకూ ముందు ఈ పరీక్ష చేసేవారు. పట్టీని మెత్తబరచాలంటే ఎర్రగా కాల్చి పొడి బూడిదలో రాత్రంతా పాతిపెట్టి పొద్దున తీయండి, ఆకురాయి వెన్నలో దిగినట్టు కాకపోయినా బాగానే దిగుతుంది. సాగగొట్టాలని ఉంటే ఒంటరిగా వద్దు. మీ చుట్టుపక్కల ఊళ్లలో కొలిమి ఇంకా వెలుగుతున్న కమ్మరి ఎవరైనా ఉంటే వెళ్లి, ఒక రోజు కూలి ఇచ్చి, పక్కన నిలబడి సమ్మెట పట్టండి. దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) మీద ఇనుము ఏ రంగులో సాగుతుందో, ఏ రంగులో కొట్టడం ఆపాలో ఆ ఒక్క రోజులో తెలిసినంత వీడియోల్లో తెలియదు.

కాల్చడానికి మెత్తని అగ్ని ఇటుకలు రెండు తెచ్చి మధ్యలో గుల్ల చేసుకుంటే గ్యాస్ టార్చి మంటకు చిన్న కొలిమి అవుతుంది. ఇంటి సిలిండరును మాత్రం దీనికి వాడకూడదు. ప్రమాదం సంగతి అటుంచి, వంటగ్యాసును వేరే పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. తుమ్మ బొగ్గులూ, చేతితో తిప్పే బ్లోయరూ చాలు. ఆరుబయటే వెలిగించండి, మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాలు తీస్తుంది. పని పట్టపగలు ఎండలో పెట్టుకోకుండా సాయంత్రం మసక వెలుతురులో పెట్టుకోండి. ఎండలో ఇనుము రంగు కనిపించక అందరూ ఎక్కువ కాలుస్తారు.

లోహం చదివినవాడు

ఇక్కడివరకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది: 815 డిగ్రీలు వచ్చాయని థర్మామీటరు లేకుండా ఎలా తెలుస్తుంది? అయస్కాంతం అంటకపోతే చాలునని చాలామంది అంటారు. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది, 0.8 శాతం కార్బన్ ఉన్న ఉక్కులో 727 డిగ్రీలు దాటాక లోపలి నిర్మాణమే మారడం మొదలవుతుంది కనుక ఆ గుణం ఇంకొంచెం ముందే పోతుంది. అంటే అయస్కాంతం అంటకపోవడం గడప దాకా వచ్చామన్న గుర్తు మాత్రమే, ఇంకా కొన్ని పదుల డిగ్రీలు లోపలికి వెళ్లాలి. దీనికి వంటింట్లోనే సాధనం ఉంది. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎర్రబడ్డ కత్తి మీద చిటికెడు మెత్తని ఉప్పు చల్లి, అది నీరుగా కరిగి మెరిసిన క్షణం నుంచి ఇంకాస్త రంగు పెరగనిచ్చి ముంచితే మీరు సరైన చోటే ఉన్నట్టు. ఓహెచ్‌ఎన్‌ఎస్ అయితే ఆ వేడిలో పది నిమిషాలైనా నిలపాలి, అది బొగ్గుల కొలిమిలో కష్టం. అందుకే నా ఓటు కూడా 1084కే.

ఎర్రటి ఉక్కులో కార్బన్ పరమాణువులు ఇనుము పరమాణువుల మధ్య కరిగిపోయి ఉంటాయి. మెల్లగా చల్లారితే అవి విడిపోయి వేరే పొరలుగా సర్దుకుంటాయి, ఉక్కు మెత్తబడుతుంది. కమాను పట్టీని పాతిపెట్టమన్న బూడిద చేసే పని అదే. సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చితే అక్కడే ఇరుక్కుపోయి ఇనుప జాలకాన్ని (పరమాణువుల అల్లికను) బిగబట్టి ఉంచుతాయి. 1084కు ఆ వ్యవధి సెకను ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి కొలిమికీ నూనె డబ్బాకూ మధ్య రెండడుగుల కన్నా ఎక్కువ దూరం పెట్టుకోకండి. గట్టిదనం పూర్తిగా రావడం మాత్రం సుమారు 200 డిగ్రీలకు కిందనే జరుగుతుంది. ఈలోగా కత్తి వంకరపోయినట్టు కనిపిస్తే, తోలు చేతితొడుగులతో కొద్ది క్షణాల్లో సరిచేసుకోవచ్చు. చల్లారిన తరువాత ప్రయత్నిస్తే రెండు ముక్కలు చేతికొస్తాయి.

డమాస్కస్ గురించి అడిగారు. వీడియోల్లో కనిపించేది రెండు రకాల ఉక్కు పొరలను కాల్చి అతికి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినది. చరిత్రలో ఆ పేరు తెచ్చుకున్న ఖడ్గాల్లో చాలావాటి ఉక్కు వేరు. అది మూసలో (లోహాన్ని కరిగించే మట్టి పాత్రలో) కరిగించిన దక్షిణ భారతపు ఉక్కు. ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' వంటి దక్షిణాది మాటకే రూపాంతరమని ఎక్కువమంది అభిప్రాయం. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఆ మూసలు పెట్టేవారు. పర్షియా వర్తకులు ఉక్కు ముద్దల కోసం అంతదూరం వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ ఊరు చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ రాశాడు. కనుక మీ కోరిక తప్పు కాదు, కాని పొరలు అతకడం పది మామూలు కత్తులు చేసిన తరువాతి పని.

కోర్టు మెట్లు

చట్టం గురించి క్లుప్తంగా. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమావళి ఈ విషయానికి వర్తిస్తాయి. వాదర 9 అంగుళాలకు మించిన పొడవు గాని 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. అయితే ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవాటికి మినహాయింపు ఉంది. మీరు చేయబోయే ఐదారు అంగుళాల కూరగాయల కత్తికి ఏ ఇబ్బందీ లేదు. బాకులు, ఖడ్గాలు మాత్రం ఆ జాబితాలోనే ఉన్నాయి. గోడకు అలంకారమే కదా అని చేయకండి. అలాగే సరదాగా చేసిన కత్తిని మిత్రులకు చూపించడానికి సంచిలో వేసుకుని బస్టాండులో తిరగడం తెలివైన పని కాదు.

కృష్ణాతీరం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. 1084 పట్టీ తెప్పించుకుంటాను. కమాను ముక్కను బూడిదలో పాతిపెట్టి చూడటం కూడా మానను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మా ఇంట్లో ఓటీజీ ఉంది గాని అందులో పిల్లలకు కేకులు చేస్తారు. నూనెలో ముంచిన కత్తిని అందులో పెడతానంటే మా ఆవిడ ససేమిరా అంటున్నారు. రెండవది, పిడికి ఏ చెక్క మంచిది? చెక్కపని ముక్కలు నా దగ్గర టేకు, చింత, కొద్దిగా రోజ్‌వుడ్ ఉన్నాయి. ఒక మిత్రుడు ఎర్రచందనం ముక్క ఇస్తానంటున్నాడు.

ఆకురాయి మనిషి

మీ ఆవిడ గారి మాటే సరైనది. కత్తిని సబ్బునీళ్లతో ఎంత కడిగినా మాడిన నూనె వాసన ఆ ఓవెన్‌ను వదలదు. పాత సామాన్లు అమ్మేచోట సెకండ్‌హ్యాండ్ ఓటీజీ ఒకటి కొని పనిచోటే పెట్టుకోండి.

ఎర్రచందనం ముక్కను మర్యాదగా వద్దనండి. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేని ఎర్రచందనం అరచేతి వెడల్పు ముక్క ఇంట్లో ఉన్నా అటవీశాఖకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీ దగ్గరున్నవాటిలో చింత చేవ తీసుకోండి. మాంసం కొట్టే మొద్దుకు దాన్నే వాడటం ఊరికే కాదు. చీలదు, దెబ్బకు ఓర్చుకుంటుంది. టేకు కూడా తడిని తట్టుకుంటుంది. రోజ్‌వుడ్ అందంగా ఉంటుంది గాని దాని పొడి చాలామందికి ఒంటి మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది, నాకైతే రెండు రోజులు కళ్లు వాచాయి. ఏ చెక్కయినా, ఉక్కయినా అరగదీసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవడం చాలదు, దుమ్మును ఆపే అసలైన మాస్కు పెట్టుకోండి. రెండు చెక్క ముక్కలనూ కత్తి తోకకు (పిడిలో ఉండే భాగానికి) ఇరుపక్కలా నెమ్మదిగా గట్టిపడే రకం అరాల్డైట్ జిగురుతో అతికి, ఐదు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ముక్కలను రంధ్రాల్లో దింపి రాత్రంతా వదిలేయండి. క్లాంపు మరీ బిగించితే జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది.

పదను పూర్తయ్యాక ఎప్పుడు వేడి చేసినా జాగ్రత్త. చివరి సానను గ్రైండర్ మీద పెట్టి వాదర నీలి రంగుకు తిరిగిందంటే అక్కడి పదను పోయినట్టే. చేతితో, నీళ్ల సానరాయి మీద, ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో రుద్దండి. ఇది తుప్పు పట్టే ఉక్కు కనుక వాడిన వెంటనే కడిగి తుడవాలి. మామిడికాయో చింతకాయో కోసిన రోజు నల్లగా మారుతుంది, కంగారు పడకండి; ఆ నలుపే కొంతకాలానికి తుప్పును ఆపే పొరగా నిలుస్తుంది. మొదటి వారం మాత్రం పులుపు కోస్తే ముక్కలకు ఇనుము రుచి అంటుతుంది కాబట్టి ఉల్లిపాయలతో, బెండకాయలతో మొదలుపెట్టండి. ఆవకాయ ముక్కలు దీనితో కొట్టమని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. టెంకకు ఆ పలుచని వాదర పెచ్చులూడుతుంది. ఆ పనికి మీ కమాను పట్టీతో, మందంగా, రెండో కత్తి చేసుకోండి.